‘ప’ మీద గుడి

బాపట్ల,
13 డిసెంబరు 2004.

మైథిలీ,

ఉత్తరం రాయడానికి నీకు తీరిక ఉండదు, తిట్టడానికి మాత్రం ఎక్కడ లేని తీరికా దొరుకుతుంది. నెలరోజులుగా జవాబివ్వలేదని అన్నేసి మాటలన్నావు. ఏం చెయ్యను, కాలేజీ పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. “కాంతి సంవత్సరం అనగా కాంతి పుట్టిన సంవత్సరం” అని రాసింది ఒక మహాతల్లి. మన తెనాలి కాలేజీలో ప్రకాశం మాస్టారు ఏమనేవారో గుర్తుందా? “తెలియకపోతే తెలియదని రాయండమ్మా, అర మార్కు వేస్తాను.” చదివినన్నాళ్ళూ ఆ అర మార్కు ఒక్కరం కూడా తీసుకోలేదు. అంత పొగరు మనకి.

అమ్మ తెనాలి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. సాయంత్రం డాబా మీద చుక్క రాలితే, అది షైతాన్ని కొట్టిన రాయి అంటుంది అమ్మ, అదే మా గౌస్ బీగారు. ఉల్క అంటాను నేను, ఫిజిక్సు లెక్చరర్నయ్యాక ఆ మాత్రం అనకపోతే ఎలా? ఇద్దరం పోట్లాడుకుని, పకోడీలు తిని, కిందికి దిగుతాం.

కింద రాసేది శశిగాడికి. వాడి చేతికే ఇవ్వు.

శ్రీ శశిధర్ గారికి,

నీ ఉత్తరం అందింది. ఈసారి కూడా పేరు “శశధర్” అని రాశావు. రెండో శ మీద గుడి మింగేస్తే ఎలా నాన్నా? మీ నాన్న ఎర్ర సిరాతో దిద్ది మరీ పంపించారు.

అన్నిటికంటే ముందు ఏముంది అని అడిగావు. భూమి, సూర్యుడు, మీ వీధి చివర సోడా బండి, ఇవన్నీ దేనితో తయారయ్యాయో అదంతా ఒకప్పుడు ఆవగింజ కన్నా చిన్న చోట ఇరుక్కుని ఉండేది. అది ఒక్కసారిగా విచ్చుకుంది. ఇంకా విచ్చుకుంటూనే ఉంది. “మరి అంతకు ముందు?” అంటావు, నీ సంగతి నాకు తెలియదా! అంతకు ముందు అనేదే లేదు. కాలం కూడా అప్పుడే పుట్టింది. చూశావా, మీ అత్త దగ్గర అన్నిటికీ జవాబుంది.

రెండో ప్రశ్న. చంద్రుడు సముద్రాన్ని నిజంగానే లాగుతాడు. పౌర్ణమి నాడు ఇంకా గట్టిగా లాగుతాడు. ఈ నెల ఇరవై ఆరు ఆదివారం, పైగా పౌర్ణమి. నాన్నతో సముద్రానికి వెళ్ళు. నీళ్ళు ఎంత పైకి వస్తాయో, ఎంత వెనక్కి పోతాయో నీ కళ్ళతో చూసి నాకు రాయి. గుడి పెట్టి రాయి.

మీ తరన్నుమ్ అత్త


రేపల్లె,
30 జనవరి 2005.

తరన్నుమ్,

అలవాటు కొద్దీ ‘క్షేమం’ అని రాయబోయి కొట్టేశాను.

నువ్వు వచ్చి నా పక్కన కూర్చున్న రోజు నేనొక్క మాట మాట్లాడలేదు. ఫోను చేద్దామంటే అది ఆయన మంచం పక్కనే ఉంటుంది. అందుకని ఉత్తరం. జవాబు మా పక్కింటి ఏసమ్మగారి పేరు మీద రాయి, ఆవిడ తెచ్చిస్తుంది.

ఆ రోజు శశి నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాడు. అడవులదీవి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పౌర్ణమి స్నానాలకి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను సంచులు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ముందు నీళ్ళు ఎప్పుడూ రానంత పైకి వచ్చాయి. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ వెనక్కి పరిగెత్తారు. తర్వాత సముద్రం వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అలా పోతూనే ఉంది. నేల కనిపించింది, చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. “నాన్నా, ఎందుకు పోయింది?” అని అడిగాడు వీడు. ఆయన తడి ఇసుకలో వేలితో గీశారు. ఇది భూమి, ఇది చంద్రుడు, ఇది పోటు, ఇది ఆటు. “అత్త రాసింది ఇదేరా. వెళ్ళి చూసిరా, గవ్వలు కూడా దొరుకుతాయి” అన్నారు. వాడు వెళ్ళాడు.

అంతే. ఇంక రాయలేను.

వాడు దొరకలేదు కదా, అందుకని ఆయన “తప్పిపోయాడు” అంటారు. ఎవరైనా ఇంకో మాట అంటే లేచి వెళ్ళిపోతారు. జరపాల్సినవి ఏవీ జరపనివ్వలేదు. వాడి పలక ఇంకా గూట్లోనే ఉంది.

నీ మీద కోపం లేదని రాద్దామనే కూర్చున్నాను. కానీ ఉంది. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. నాకు నెల తప్పింది. ఆసుపత్రిలో చూపించుకున్నాను. నిజమే, సెప్టెంబరులో అన్నారు. ఆయనకి చెప్పాను. మర్నాడు స్కూలు నుంచి వచ్చాక ఒక కాగితం ముక్క నా ముందు పెట్టారు. కొట్టు నుంచి బెల్లం పొట్లం కట్టి వచ్చిన పాత పేపరు. పెద్ద అక్షరాలతో “2029లో భూమికి గ్రహశకలం ముప్పు తప్ప” అని ఉంది. అక్కడికి చిరిగిపోయింది.

“చూశావా, ముప్పు తప్పదు అంటున్నారు. అప్పటికి వీడికి ఇరవై మూడేళ్ళు వస్తాయి. ఆకాశం నుంచి రాయి పడి పోవడానికి ఇంకొకణ్ణి కనాలా? తెనాలి వెళ్దాం, తీయించుకుందువుగాని” అన్నారు. మూడో నెల దాటకుండా తీసుకురమ్మని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. అప్పుడే కనుక్కుని వచ్చారు.

నాకు ఈ బిడ్డ కావాలి తరన్నుమ్. శశికి బదులుగా కాదు. నాకు కావాలి, అంతే. కానీ నిజంగా ఆ రాయి వచ్చేదే అయితే, తెలిసి తెలిసి కనడం పాపం కదా అని కూడా అనిపిస్తోంది. నాకు ధైర్యం చెప్పొద్దు. నిజం చెప్పు.

మైథిలి


బాపట్ల,
5 ఫిబ్రవరి 2005.

మైథిలీ,

కోపం ఉండనీ. నాకు నా మీద ఉన్నదాని ముందు అదెంత! క్లాసులో ఆటుపోట్ల పాఠం వదిలేశాను. పిల్లలు అడిగితే పరీక్షకి రాదని అబద్ధం చెప్పాను.

నిజం చెప్పమన్నావు కాబట్టి అదే చెబుతాను. రాయి ఉంది. చిన్నది కాదు, పడితే ఒక జిల్లాకి జిల్లా లేచిపోతుంది. క్రిస్మస్ వారంలోనే దాని సంగతి బయటికొచ్చింది. 2029 ఏప్రిల్‌లో భూమిని తాకే అవకాశం మొదట మూడు వందల్లో ఒకటి అన్నారు. తర్వాత అరవైలో ఒకటి అన్నారు. చివరికి నలభైలో ఒకటి దాకా వెళ్ళింది. లెక్క అలా పెరగడం చూసి భయపడకు. వీధి మొదట్లో ఎవరో సంచి పట్టుకుని వస్తుంటే ఎవరింటికో తెలియదు. దగ్గరకొచ్చేకొద్దీ మనింటికేనేమో అనిపిస్తుంది. తీరా చూస్తే పక్కింటి గేటు తీస్తారు. అలాంటిదే ఇది. ఆ వారంలోనే ఎవరో పాత ఫోటోలు తిరగేస్తే, అంతకు ముందు మార్చిలో తీసినవాటిలో కూడా ఈ రాయి కనిపించింది. దాంతో దాని దారి తేలిపోయింది. 2029లో అది మనకి తగలదు. టీవీ ఉపగ్రహాల కన్నా దగ్గరగా వచ్చి, మామూలు కళ్ళకే కనిపించి, తన దారిన తాను పోతుంది. ఆ వార్త వచ్చేసరికి పేపర్ల నిండా మన సముద్రమే ఉంది. రాయి వార్త చదివినవాళ్ళు లేరు.

కాబట్టి ఆ పేపరులో ‘తప్పదు’ అని ఉండటానికి వీల్లేదు. ‘తప్పింది’ అనే ఉండాలి. ఆ ముక్క మళ్ళీ తీసి చూడు. ప మీద గుడి ఉందా, తలకట్టు ఉందా? గుడి ఉంటే ముప్పు తప్పింది. తలకట్టు ఉంటే తప్పదు. అంత చిన్న గుడి మీద నీ బిడ్డ ప్రాణం ఆధారపడటం ఏంటి!

కాలేజీ లైబ్రరీలో డిసెంబరు పేపర్ల కట్ట విప్పించి వెతుకుతాను. మొత్తం వార్త దొరకగానే పంపిస్తాను. అందాకా తెనాలి బండి ఎక్కకు.

తరన్నుమ్


రేపల్లె,
13 ఫిబ్రవరి.

తరన్నుమ్,

చూశాను. ప కింద ఒత్తు ఉంది గాని, పైన కాగితమే లేదు. సరిగ్గా అక్కడే చిరిగింది, గోరు పెట్టి గిల్లినట్టు. గుడో తలకట్టో దేవుడికే తెలియాలి.

నువ్వు రాసినవన్నీ నా మాటలుగా ఆయనకి చెప్పాను. “నువ్వెప్పుడు నేర్చుకున్నావు ఇవన్నీ?” అని అడిగారు. మార్చి నాలుగో తేదీ శుక్రవారం తెనాలికి అని సెలవు పెట్టేశారు. కాదంటే అన్నం మానేస్తున్నారు. చిక్కి సగమయ్యారు. ఒకర్ని పోగొట్టుకున్నాను, ఇద్దర్ని పోగొట్టుకోమంటావా? ఆ పేపరు దొరికితే తొందరగా పంపు. నాకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

మైథిలి


రేపల్లె,
20 ఫిబ్రవరి 2005.

చెల్లెమ్మ తరన్నుమ్‌కు,

అనంతకృష్ణ రాస్తున్నాను. ఏసమ్మగారి చేతిలో కవరు చూశాను. నీ అక్షరాలు నాకు తెలుసు కదా, శశి ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేవాణ్ణి.

మైథిలి చెప్పిన లెక్కలు నీవేననీ, నువ్వు పేపరు వెతుకుతున్నావనీ అర్థమైంది. వెతకొద్దు. వెతికితే దొరుకుతుంది. అందులో ‘తప్పింది’ అనే ఉంది. ప మీద ముక్క గిల్లేసింది నేనే.

ఏళ్ళ తరబడి లెక్కలు చెబుతున్నవాణ్ణి. నలభైలో ఒకటంటే ఏంటో, సున్నా అంటే ఏంటో నాకు తెలియదా అమ్మా? రాళ్ళకి భయపడే మనిషిని కాను. మైథిలికి చెప్పడానికి ఒక కారణం కావలసి వచ్చింది. ఉన్న కారణం చెప్పలేకపోయాను.

అది నీకు చెబుతాను. నువ్వూ నాలాంటి దానివే. పుట్టేవాడికి మాటలు వస్తాయి. మాటలొస్తే ప్రశ్నలొస్తాయి. చుక్క ఎందుకు రాలింది, అన్నిటికంటే ముందు ఏముంది, నీళ్ళు ఎందుకు వెనక్కి పోయాయి. నేను జవాబు చెబుతాను. చెప్పకుండా ఉండలేను, నా బుద్ధే అంత. వాడు నమ్ముతాడు. నా మాట నమ్మి నడుచుకుంటూ వెళ్ళే పిల్లవాడి వీపు నేను మళ్ళీ చూడలేను.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదమ్మా. పౌర్ణమికి పోటు ఎంత ఎక్కువో ఆటూ అంతే ఎక్కువ. ఏ పరీక్షలో రాసినా నూటికి నూరు వేస్తారు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మైథిలి నీ మాట నమ్ముతుంది. పేపరు దొరకలేదని రాయి. రాయి సంగతి ఇంకా తేలలేదని రాయి. ఒక్క అబద్ధం అడుగుతున్నాను. వాడు ఎవరి ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాడో నీకు గుర్తు చెయ్యక్కర్లేదు.

అనంతకృష్ణ


బాపట్ల,
2 మార్చి 2005.

మైథిలీ,

ఈ కవరు పోస్టులో వేస్తే నీకు చేరదు. అందుకని అమ్మ చేతికి ఇచ్చి తెనాలి పంపిస్తున్నాను. రేపల్లె బండి వచ్చే ప్లాట్‌ఫారం మీద నిలబడతానంది.

ఇందులో రెండున్నాయి. ఒకటి లైబ్రరీలో దొరికిన పేపరు. రెండోది అన్నయ్యగారు నాకు రాసిన ఉత్తరం. నన్ను నమ్మి రాసింది నీకు పంపడం తప్పు. తప్పని తెలిసే చేస్తున్నాను.

ఇంకొకటి కూడా విను. ఆయన అడిగిన అబద్ధం నేను రాశాను. పేపరు దొరకలేదనీ, రాయి సంగతి తేలలేదనీ, చక్కగా, నమ్మేలా రాశాను. కవరు అంటించి బల్ల మీద పెట్టాను. రోజూ కాలేజీకి వెళ్తూ దాన్ని చూసేదాన్ని. శశి పోయాక ఆయన అడిగిందానికి కాదనే నోరు నాకు లేదనిపించింది. నిన్న అమ్మ ఆ కవరు చూసి, మైథిలికి ఇంకా పోస్టు చెయ్యలేదేంటి అని అడిగింది. చెప్పేశాను. “ఒక బిడ్డ నీ ఉత్తరం పట్టుకుని పోయాడు, రెండో బిడ్డని కూడా ఉత్తరం రాసే పంపిస్తావా?” అంది. నా జన్మలో అంత మాట పడలేదు.

నేనే రావాలి. కానీ నా మొహం చూస్తే ఆయనకి ఇంకేం కనిపించదు. రాయి రాదు మైథిలీ. మిగతాది నువ్వే చూసుకోవాలి.

తరన్నుమ్


తెనాలి,
8 మార్చి 2005.

తరన్నుమ్,

మీ ఇంట్లో, నీ పాత బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బిడ్డ ఉంది.

బండి దిగగానే మీ అమ్మ ఎదురొచ్చి, ఆయన చూస్తుండగానే కవరు నా చేతిలో పెట్టింది. “ముందు చదువుకో తల్లీ. ఆసుపత్రి ఎక్కడికీ పోదు” అంది. అక్కడే బెంచీ మీద కూర్చుని అన్నీ చదివాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, పరీక్ష పేపరు దిద్దుతుంటే చూసే పిల్లాడిలా. పేపరు చూపిస్తే మొహం తిప్పుకున్నారు.

కోపం రాలేదు. రాయి పేరు చెప్పి నన్ను ఏడిపించినందుకు కొట్టాలనిపించాల్సింది, కానీ జాలేసింది. “వీడు ఏం అడిగినా నేనే చెబుతాను. మిమ్మల్ని అడిగితే తెలియదనండి” అన్నాను.

“తెలియదని ఎలా చెప్పనే? తెలుసు కదా” అన్నారు. అంతమంది మధ్యలో ఏడ్చేశారు.

నేను ఆసుపత్రికి రానన్నాను. బతిమాలారు. తర్వాత ఇంటికి పోదామన్నారు. ఇంటికి కూడా రానన్నాను. ఆ ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు సరేనంటానని నాకు భయం. ఆయన అదే బండిలో తిరిగి వెళ్ళిపోయారు. ఒక్కళ్ళే వెళ్తుంటే చూడలేక, మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఇటు నడిచాను. ఎల్లుండి మా సుందరమ్మ పిన్ని ఇంటికి మారుతున్నాను, కాన్పు దాకా అక్కడే.

నీ మీద కోపం సగానికి వచ్చింది. మిగతా సగం ఎప్పటికి పోతుందో చెప్పలేను.

మైథిలి


తెనాలి,
9 అక్టోబరు 2005.

తరన్నుమ్,

బారసాలకి నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసు కాబట్టి అడగను. జరిగింది రాస్తున్నాను.

పిన్ని నాకు చెప్పకుండా ఆయనకి కబురు చేసింది. వస్తారనుకోలేదు. వచ్చారు. గడ్డం నెరిసిపోయింది. ఆదివారం ఆదివారం అడవులదీవి బస్సెక్కి వెళ్ళి, సముద్రం దగ్గర కూర్చుని వస్తున్నారని ఏసమ్మగారు ఇదివరకే చెప్పింది. ఎవరినైనా ఏమైనా అడుగుతారా అంటే, అడగరట. ఊరికే చూస్తుంటారట.

పాప వైపు చూడలేదు. బియ్యం పళ్ళెం ముందు కూర్చున్నారు. తండ్రి ఉంగరంతో బియ్యంలో పేరు రాయాలి కదా. శశి బారసాలకి ఆ బియ్యమే నోట్లో వేసుకుని మా అత్తగారితో తిట్లు తిన్నావు నువ్వు.

పంతులుగారు పేరు చెప్పారు. ఆయన ఉంగరం పట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని పక్కనుంచి చూస్తున్నాను. శ రాశారు. పక్కన ఇంకో శ రాశారు. శశధర్. గుడి లేదు. వాడు ఎలా రాసేవాడో అలాగే రాశారు.

పంతులుగారు మంత్రం ఆపేశారు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఆ పేరు వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఉంగరంతో రెండో శ మీద మెల్లగా గుడి పెట్టారు, ఎర్ర సిరాతో దిద్దేటప్పటిలాగే. అలా దిద్ది, అరచేత్తో బియ్యం మొత్తం చదును చేసేశారు.

“వాడు పోయాడు మైథిలీ” అన్నారు.

తప్పిపోయాడు అనలేదు. పోయాడు అన్నారు. ఇన్నాళ్ళకి నేను గట్టిగా ఏడ్చాను. పాప ఉలిక్కిపడి తనూ ఏడ్చింది. ఆయన అప్పుడు చూశారు దాన్ని, ఒక్కసారి. “పేరు నువ్వు రాయి” అని ఉంగరం నా చేతిలో పెట్టి, భోజనం కూడా చెయ్యకుండా స్టేషన్‌కి వెళ్ళిపోయారు.

మళ్ళీ వస్తారా అని అందరూ అడుగుతున్నారు. తెలియదు అంటున్నాను. ప్రకాశం మాస్టారు ఇన్నాళ్ళూ దాచిన అర మార్కు నాకే ఇవ్వాలి.

పేరు నేనే రాశాను. అవని. దీనికీ మాటలొస్తాయి, నీకు ఉత్తరాలు రాస్తుంది, ముందు ఏముందని అడుగుతుంది. అప్పుడు నువ్వేం రాస్తావో నీ ఇష్టం. పేరు చివర గుడి మాత్రం మర్చిపోకు.

మైథిలి